తూము దగ్గర చేతికొచ్చిన కట్టె

డ్రిల్లమ్మ పోయిందన్న కబురు కడప బస్సు కండక్టరు మోసుకొచ్చాడు. మధ్యాహ్నం గంట కొట్టాక బడి గేటు దగ్గరికి వచ్చి, టికెట్ల సంచి భుజాన ఉండగానే, "ఈడ చరిత్ర చెప్పే టీచరమ్మ ఎవురు?" అని అడిగాడట. నేను వెళ్లేసరికి గోడ నీడన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. "మీ డ్రిల్లమ్మ నిన్న మాపటేల పోయిందమ్మా. వాళ్ల చెల్లెలు చెప్పి పంపింది. ఈ పొద్దే మట్టి చేస్తాండారు" అన్నాడు. ఆ మాట నాకు అప్పజెప్పి, బరువు దించుకున్న మనిషిలా వెళ్లిపోయాడు.

నేను దొరికిన బస్సు ఎక్కాను. నంద్యాల దాటాక టైరు పగిలింది. కడప చేరేసరికి అంతా అయిపోయింది. సమాధుల తోటలో కొత్త మట్టి మీద బంతిపూలు అప్పటికే వాడిపోయాయి. వాళ్ల చెల్లెలు నా చెయ్యి పట్టుకొని, "మొగం సూసుకోలేకపోతివి కదమ్మా" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆమె పోవడం నేను చూడలేదు, ఆమెను మట్టిలో పెట్టడం చూడలేదు, ఒక మనిషి చెప్పగా విన్నానంతే. ఆలోచిస్తే, ఆమె గురించి నాకు ముఖ్యమనిపించేవన్నీ నేను చూడనివే. అది ఎట్లాగో చెబుదామనే ఇది రాస్తున్నాను. చెప్పగలనో లేదో తెలియదు.

కర్నూలులో మా ఆడపిల్లల బడిలో ఆమె చాలా ఏళ్లు డ్రిల్లు నేర్పింది. రెండేళ్ల కింద పని విరమించి కడపలో చెల్లెలి ఇంటికి చేరింది. బడి మొత్తానికీ ఆమె డ్రిల్లమ్మ. నాకంటే బాగా పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను 'చరిత్రమ్మా' అనేది, కోపం వస్తే 'మద్రాసు బీయే' అనేది. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన మనిషి. తెల్లచీర గోచీ పోసి కట్టి, మెడలో నల్లతాడుకు ఈల వేసుకునేది. సొంతూరు కోసిగి దగ్గర ఒక పల్లె. ఆదివారం చర్చిలో మొదటి బెంచీ ఆమెది. ఆలస్యంగా వచ్చినవాళ్ల వైపు అయ్యగారికంటే ముందు ఆమె తిరిగి చూసేది.

అణకువ ఆమెకు పడేది కాదు. తనకు తెలిసిందే సరి అనేది, తప్పయినా సరే. పరుగు మధ్యలో పిల్లల్ని నీళ్లు తాగనిచ్చేది కాదు. తాగితే గుండె తడిసి బరువెక్కుతుందని ఆమె నమ్మకం. నేను ఆరోగ్యశాస్త్రం పుస్తకం తెచ్చి చూపిస్తే, "ఈ పుస్తకం రాసినాయప్ప ఎప్పుడన్నా ఉరికినాడా?" అని మూసేసింది. పిల్లలు ఆమె చూడకుండా బావి దగ్గరికి పోయి తాగి, మూతి తుడుచుకొని వచ్చేవాళ్లు.

ఒక్క అలవాటు మాత్రం వాళ్లను భయపెట్టేది. పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పించేది. చివరి పిల్ల తన అంకె చెప్పేశాక కూడా ఈల నోట్లో పెట్టుకునేది కాదు. ఆ పిల్ల పక్కన ఉన్న ఖాళీ వైపు చూస్తూ కాసేపు ఆగేది. ఇంకెవరో అంకె చెప్పవలసి ఉన్నట్టు ఎదురుచూసేది. తర్వాత తల ఊపి ఈల ఊదేది. అందుకని వరుస చివర నిలబడమంటే పిల్లలు ఒకరినొకరు తోసుకునేవాళ్లు. ఎందుకట్లా ఆగుతావని నేను ఒకసారి అడిగాను. "ఆలీసంగా వచ్చేటోళ్లు ఉంటారు కదమ్మా" అంది. 

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊరంతా డేరాలే. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు డేరాల్లో, వాళ్ల భార్యలు డేరాల ముందు పొయ్యిలు పెట్టుకొని పొగలో. ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, మేకులు దిగేవి. మా బడి ఆటస్థలం మీద కూడా కన్ను పడింది. బడి కమిటీ పెద్ద ఒకరోజు మా టీచర్ల గదిలోకి వచ్చి కూర్చొని, "ఆడపిల్లోల్లకు ఇంత జాగా ఎందుకమ్మా? తాడాట ఆడేకి వరండా చాలదా? ఆ మైదానం ఆఫీసులకు ఇచ్చేద్దాం" అన్నాడు.

డ్రిల్లమ్మ లేచి నిలబడింది. "మా పిల్లోల్లు ఉరుకుతారు సార్. వరండాలో ఉరికేకి కాదు."

"యాడ ఉరుకుతాండారు? నేనెప్పుడూ చూల్లేదే."

"ఊరంతా సూసేతట్ల ఉరికిస్తా. అప్పుడు మా జాగా మాకు ఇడుస్తారా?"

ఆయన నవ్వాడు. "ఊరంతా చూసేతట్లు ఉరికి, కడదాకా వస్తే, మీ జాగా మీదే పో" అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

ఆయన వెళ్లాక ఆమె కిటికీ దగ్గర నిలబడి మైదానం వైపు చూసింది. "ఈడ కాకపోతే ఈ పిల్లోల్లు ఇంగ యాడ ఉరుకుతారమ్మా? పెండ్లయినంక నీళ్ల బిందె పెట్టుకోని నడిసేదే కదా" అంది. ఆమె గొంతు తగ్గడం నేను విన్నది అప్పుడే.

ఆ చలికాలంలో ఊరి క్రీడల కమిటీవారు పరుగు పందెం పెట్టారు. మగవాళ్లకు దూరపు పరుగు. పత్రికలో దాన్ని మారథాన్ అని రాశారు గానీ అంత దూరమేమీ లేదు. జట్లకు విడిగా అంచెల పరుగు. జట్టుకు నలుగురు, నలుగురికీ ఒక కట్టె. కర్నూలు-కడప కాలువ గట్టు మీదుగా వచ్చి ఊళ్లో ముగించాలి. కట్టె కింద పడినా, చేతికి చెయ్యి మారకుండా పోయినా ఆ జట్టు లెక్కలోంచి పోతుంది. ఆడవాళ్లు రాకూడదని ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. పెట్టి ఉంటే బాగుండేదని తర్వాత వాళ్లు అనుకొని ఉంటారు.

పెద్ద తరగతి పిల్లలు ఇద్దరు సిద్ధపడ్డారు. ఒకతె పొడుగ్గా ఉండే రైతుబిడ్డ. ఇంకొకతె జట్కా సాయిబు కూతురు. రెండిళ్లలోనూ ఒకటే మాట: టీచర్లు ఉరికితే మా పిల్లా ఉరుకుతుంది. డ్రిల్లమ్మ ఒక టీచరు. రెండో టీచరు కావాలి. కుట్టు టీచరు మోకాళ్లు చూపించింది. లెక్కల టీచరుకు నెలలు నిండుతున్నాయి. అందరి చూపులూ నా మీద ఆగాయి.

"నాకు నలభై దాటినాయక్కా" అన్నాను.

"ఆ సంగతి నీ కాళ్లకు తెలుసునా? తెలీదు కదా, సెప్పాకు" అంది.

ఇంట్లో మా ఆయన భోజనం ముందు కూర్చొని, "పోలీసోళ్లేమన్నా తరుముతాండారా? ఎవురి సొత్తు ఎత్తుకొచ్చినావో చెప్తే నేను మాట్లాడి వస్తా" అన్నాడు. మరునాడు ఆయనే కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చాడు. ఒక సైజు పెద్దవి. ముందు గుడ్డ కుక్కుకొని తొడుక్కున్నాను.

మొదటిరోజు నేను పరుగెత్తింది మా బడి గోడ పొడుగంతే. చివర గోడ పట్టుకొని నిలబడిపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, నోట్లో ఇనుము రుచి. డ్రిల్లమ్మ తాపీగా నడుచుకుంటూ వచ్చింది. "సదివేకి మద్రాసు దాకా పోయినావు. ఉరికేకి ఈ గోడ దాటలేవా?" అంది. ఆ కోపంతో మరునాడు గోడ దాటాను. ఒక నెల తిరిగేసరికి మైదానం చుట్టూ ఆగకుండా తిరిగి రాగలిగాను. ఆ రోజు ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమె మెచ్చుకోలు.

నా అసలు లోపం కాళ్లలో లేదు, మెడలో ఉంది. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా పోయి, వేశానా లేదా అని తిరిగి వచ్చే మనిషిని నేను. కట్టె అందుకునేటప్పుడు ముందుకు చూస్తూ పరుగు మొదలుపెట్టాలి, చెయ్యి మాత్రం వెనక్కి చాచాలి. నేను ప్రతిసారీ తిరిగి చూసేదాన్ని. తిరిగిన ప్రతిసారీ చెయ్యి కదిలి కట్టె జారేది.

"యెనక్కి సూడాకు! వచ్చేది దానంతట అదే వస్తాది. నువ్వు కండ్లతో లాగితే బిరీన రాదు."

"వచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుందక్కా?"

"సేతికి తెలుస్తాది."

మేము సాధన చేసిన కట్టె నా రూళ్లకర్రే. దానితో వేరే చిక్కు వచ్చింది. అరచేతికి అది తగలగానే పిల్లలిద్దరూ చెయ్యి లాగేసుకునేవాళ్లు. బడిలో చేరిన నాటి నుంచి వాళ్ల చేతులకు తెలిసిన పాఠం అది. "కొట్టను లేవే, పట్టుకో" అని ఒకతె ఇంకొకతెను బతిమాలేది. అది సర్దుకునేసరికి ఇంకొకటి. సాయిబు కూతురు పరుగెత్తుకుంటూ వచ్చి డ్రిల్లమ్మకు కట్టె అందించాలి. ఆ పిల్ల బాణంలా వచ్చేది. వచ్చి, టీచరు దగ్గరకు రాగానే టక్కున నిలబడి, కొంగు సర్దుకొని, రెండు చేతులా కట్టె పట్టుకొని, వంగి ఇచ్చేది. పెద్దవాళ్లకు ఒంటి చేత్తో, అందులోనూ ఎడమచేతికి, ఎట్లా ఇస్తుంది?

"ఏం పాపా, నాకు తాంబూలం ఇస్తాండావా? ఆకూ వక్కా యాడ?" అని డ్రిల్లమ్మ అరిచింది. అందరం నవ్వాం. ఆ పిల్ల చేత టీచరుకు మర్యాద తప్పించడానికి చాలా రోజులు పట్టింది.

ఒకనాటి సాయంత్రం మైదానంలో కూర్చొని నేను మారథాన్ కథ చెప్పాను. గ్రీసు దేశంలో యుద్ధం గెలిచిన కబురు మోసుకొని ఒక మనిషి ఊరి దాకా పరుగెత్తాడని, గెలిచామని చెప్పి అక్కడే పడి చనిపోయాడని. పిల్లలు నోళ్లు తెరుచుకొని విన్నారు. డ్రిల్లమ్మ కాలికి గుచ్చుకున్న పల్లేరుకాయ తీసుకుంటూ అడిగింది.

"సెప్పి సచ్చినాడా, సచ్చి సెప్పినాడా?"

"అదేంటక్కా?"

"యెనక ఉరికినోళ్లు ఎవురన్నా ఉన్నారా సూసేకి? లేరు కదా. ఊరోళ్లు సూసింది కబురు వచ్చినంక పడిపోయిన మనిషిని. ఆయప్ప దావలోనే సచ్చిపోయినాడేమో, కబురు మాత్రం నిలవకుండా వచ్చిందేమో. మీ చరిత్రలో రాసినారా?"

రాయలేదని ఒప్పుకున్నాను. పిల్లలు ఆ రాత్రి నిద్రపోయారో లేదో.

అంచె అనే మాట సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. మాకు అంచెల పరుగు అంటే పుస్తకంలో మాట. ఆలూరు, కోసిగి వైపు కన్నడం కలిసిన మాటల్లో అంచె అంటే తపాలా. ఉత్తరాల సంచి ఒకరి తర్వాత ఒకరు భుజాన వేసుకొని పరుగెత్తే కాలంలో డ్రిల్లమ్మ నాయన ఆ పని చేసేవాడట. చేతిలో గజ్జెలు కట్టిన ఈటె ఉండేదట. ఊరంతా ఆయనను అంచెప్ప అనే పిలిచేది. అప్పటికి ఆమె నాయన గురించి చెప్పింది అంతే.

పందెం దగ్గర పడింది. నాకు దారి అలవాటు కావాలని, తెల్లవారుతుండగా కాలువ గట్టు మీద పరుగెత్తమంది. గట్టు మొదలయ్యే చోటు నుంచి తూము దాకా. పందెం రోజు నేను ఆమె చేతి నుంచి కట్టె అందుకోవలసింది ఆ తూము దగ్గరే. "నువ్వు మొదలుపెట్టు. నేను యెనకనే వస్తా" అని ముందురోజే చెప్పింది.

మరమ్మతు కోసం కాలువకు నీళ్లు కట్టేసిన రోజులవి. అడుగున బురద ఎండి పెంకులు లేచింది. పక్కన కోతకొచ్చిన జొన్నచేలు. గాలి లేదు, అయినా ఆకులు ఒకదానినొకటి రాసుకుంటున్నాయి. కొంతదూరం పోయాక నా వెనక అడుగులు వినిపించాయి. అక్క వచ్చేసిందనుకున్నాను. ఆమె ఎప్పుడూ ఉత్త కాళ్లతోనే పరుగెత్తేది. నేను మెల్లగా పోతే ఆ అడుగులూ మెల్లగా, నేను వేగం పెంచితే అవీ వేగంగా. నన్ను దాటవు, వెనకబడవు. తోడు ఉందన్న ధైర్యంతో మాటలు మొదలుపెట్టాను. బూట్లు కరుస్తున్నాయన్నాను. మా ఆయన ఎగతాళి చెప్పాను. చివరికి ఎవరికీ చెప్పనిది కూడా చెప్పాను. నా వల్ల కట్టె కింద పడి ఆ పిల్లల స్థలం పోతుందేమోనని భయంగా ఉందక్కా అన్నాను. జవాబు లేదు. పరుగులో ఆమె మాట్లాడదు, అందుకే అనుకున్నాను.

తూము కనిపించింది. దాని రాతి మీద డ్రిల్లమ్మ కూర్చొని వేపపుల్లతో పళ్లు తోముకుంటోంది.

నేను ఆగిపోయాను. వెనక అడుగులు కూడా ఆగిపోయాయి.

"ఎట్లొచ్చినావక్కా?" అన్నాను.

"సాయిబు జట్కాలో. లేసేతలికి ఆలీసమాయె. అడ్డదావన వస్తిమి." నా ముఖం చూసి పుల్ల నోట్లోంచి తీసింది. "ఏం?"

చెప్పాను. ఆమె నా భుజం మీదుగా గట్టు వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. నా ముఖమే చూస్తూ అడిగింది.

"బూట్ల సప్పుడా, ఉత్త కాళ్లా?"

"ఉత్త కాళ్లు."

"గజ్జెలు ఇనపడినాయా?"

"లేదు."

"యెనక్కి సూసినావా?"

"లేదు."

"అట్లుండల్ల. ఇన్నాళ్లకు నేర్సుకున్నావు. రా, ఉగ్గాని సల్లారిపోతాది."

జట్కా పక్కన కూర్చొని ఉగ్గాని తింటూ నాయన కథ చెప్పింది. ఊరి సంగతి ఏదో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆమె నాయన తన అంచె పరుగెత్తి, సంచి అందించే చోట బండ మీద కూర్చొని ఉన్నాడు. అవతలి అంచె మనిషి వచ్చాడు. ఒళ్లో ఉన్న సంచి తీసి భుజాన వేసుకొని, "పోయొస్తా మామా" అని చెప్పి పరుగెత్తాడు. తన ఊళ్లో ఆ సంచి అందించి, అటునుంచి వచ్చిన సంచి తీసుకొని తిరిగి వచ్చేసరికి మామ అదే బండ మీద అట్లాగే కూర్చొని ఉన్నాడు. అప్పుడు ముట్టుకొని చూస్తే ఒళ్లు కొయ్యలా ఉంది. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. తను తీసుకున్న సంచి బతికున్న మనిషి ఒళ్లోంచి తీసుకున్నదో కాదో ఆ మనిషి బతికినన్నాళ్లూ చెప్పలేకపోయాడట.

"ఉత్తరాలు మాత్రం ఆలీసం కాలేదు" అంది డ్రిల్లమ్మ. వేళ్లు నాకి, గిన్నె కడిగింది. "గజ్జెల ఈటె ఆ పొద్దే సర్కారుకు అప్పజెప్పినారు. ఇంగ గజ్జెలు యాడినపడతాయి?"

సాయిబు గుర్రానికి గడ్డి వేస్తూ, "అల్లా" అన్నాడు మెల్లగా.

మరునాడు మంచి ఎండలో నేను ఒక్కదాన్నే ఆ గట్టు మీదికి పోయి కాళ్లు తాటించి చూశాను. ప్రతిధ్వని ఏమీ రాలేదు. బూట్లు పెద్దవి కదా, మడమ లేచి పడిన చప్పుడే అయ్యుంటుంది అనుకున్నాను. ఇప్పటికీ చాలాసార్లు అట్లాగే అనుకుంటాను. కాన్వాసు బూటు చప్పుడు ఉత్త కాలి చప్పుడులా ఎందుకు వినిపించిందన్న దగ్గర ఆ అనుకోవడం ఆగిపోతుంది.

పందెం రోజు తూము దగ్గర మడత కుర్చీ వేసుకొని, గొడుగు కింద ఒక గుమాస్తా కూర్చున్నాడు. చేతిలో రెండు జెండాలు. కట్టె చేతులు మారితే పచ్చది, పడితే ఎర్రది. మగ జట్లన్నీ పోయాయి. వాళ్లు లేపిన దుమ్ము కూడా అణిగింది. చూడటానికి వచ్చిన జనం ఇళ్లకు మళ్లుతున్నారు.

"ఇంగ రారేమోమ్మా. మడిచి కట్టేద్దునా?" అన్నాడు గుమాస్తా.

"వస్తారు" అన్నాను. నాకు నమ్మకం లేదు. ఊరి వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. నా వెనక గట్టు, గట్టు పొడుగునా జొన్న కోసిన మోళ్లు. ఆ పిల్లల మైదానం అంతా వచ్చి నా మెడ మీద కూర్చున్నట్టుంది. ఒక్కసారి తిరిగి చూస్తే తెలిసిపోతుంది, వస్తున్నారో లేదో. ఒక్కసారే.

చూడలేదు. అడుగులు వినిపించాయి. ఉత్త కాళ్లు, తడబాటు లేకుండా, ఒకే తీరుగా. నేను పరుగు అందుకొని చెయ్యి వెనక్కి చాచాను. కట్టె నా అరచేతిలో పడింది. "పచ్చ!" అని గుమాస్తా అరిచాడు.

ఒక్క సంగతి అప్పుడే మనసుకు తగిలింది, ఆగి ఆలోచించే వీలు లేదు. మైలు దూరం ఒకరి పిడికిట్లో నలిగి వచ్చిన కట్టె వెచ్చగా, చెమటగా ఉండాలి. నా చేతిలోది చల్లగా ఉంది. రాత్రంతా ఆరుబయట పడి ఉన్న రాయిలా.

పరుగెత్తాను. డేరాల మధ్య దారిలో గుమాస్తాలు బయటికి వచ్చి చూశారు. "ఏ ఆఫీసమ్మా? ఆలస్యమైందా?" అని ఒకడు అరిచాడు. నవ్వారు. నవ్వుతూనే పక్కకు జరిగారు. చివరి మలుపులో మా బడి పిల్లల కేకలు వినిపించాయి. గమ్యం దగ్గర కట్టిన రిబ్బను విప్పబోతున్న మనిషి నన్ను చూసి మళ్లీ పట్టుకొని నిలబడ్డాడు. అందరికంటే చివర వచ్చాం. అయినా వచ్చాం. బడి కమిటీ పెద్ద అక్కడే ఉన్నాడు. చుట్టూ ఊరంతా ఉంది. "సరేమ్మా, మీ జాగా మీదే" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

కాసేపటికి సాయిబు జట్కా వచ్చింది. లోపల పిల్లలిద్దరి మధ్య డ్రిల్లమ్మ ఒరిగి కూర్చొని ఉంది. ముఖం బూడిద రంగు.

"టీచరమ్మ మైలురాయి కాడ కూర్చోనుండె, రొమ్ము పట్టుకోని" అన్నాడు సాయిబు. "నేనే ఎక్కించుకొస్తిని."

"ఏ మైలురాయి? తూముకు ఇవతలా, అవతలా?"

"అవతల. కాదమ్మా, ఇవతలేమో. నాకు యాద్ లేదు. గుర్రం బెదిరిపాయె. ఆ రాయి కాడికి పోనంటే పోనని నిలబడిపాయె. దాన్ని పట్టుకునేదాంట్లో నేనేం సూసింటా?"

అవతల అయితే ఆమె తూము దాకా రానే లేదు. నేను పొడుగు పిల్లను పక్కకు పిలిచి, కట్టె నువ్వు తెచ్చిచ్చావా అని అడిగాను. "నేను కాదు టీచర్. నేను కట్టె ఇచ్చిన కాడే ఉంటిని" అంది. సాయిబు కూతురూ అదే మాట. మరునాడు గుమాస్తాను వాళ్ల డేరాలో పట్టుకున్నాను. కట్టె ఇచ్చింది ఎవరని అడిగాను. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. "నన్ను చేతులు చూడమన్నారమ్మా, మొగాలు కాదు. ఇచ్చే చెయ్యి చూసినా, తీసుకునే చెయ్యి చూసినా. కింద పడలేదు. నా డ్యూటీ అంతే" అన్నాడు.

"ఇచ్చిన చెయ్యి ఎట్లా ఉంది?"

"చెయ్యి చెయ్యి మాదిరే ఉండె."

డ్రిల్లమ్మ నెల రోజులు మంచం మీద ఉండి లేచింది. తర్వాత పరుగెత్తలేదు గానీ ఈల వదలలేదు. ఆ సంగతి నేను కదిపినప్పుడల్లా, "సేతికొచ్చిందా లేదా? వచ్చింది కదా? గమ్మునుండు" అనేది. పిల్లలు మాత్రం ఆ ఏడు నుంచి మైదానంలో మరింతగా పరుగెత్తారు. చిన్న తరగతుల వాళ్లు కూడా కట్టె అందించుకోవడం ఆడుకునేవాళ్లు, పూరికట్టెతో, కొబ్బరి ఈనెతో.

ఆమె పని విరమించి కడప వెళ్లే రోజు బస్సు దాకా వెళ్లాను. సామాను పైకి వేశారు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను మళ్లీ అడిగాను. నా గుణం అంత. ఈసారి ఆమె విసుక్కోలేదు.

"తూము నాకు కనపడతానే ఉండె చరిత్రమ్మా. కాళ్లు ఇంగ రావాయె. మైలురాయి మీద కూర్చుంటి. పిల్లోల్ల జాగా పాయెరా దేవుడా అనుకుంటి. కండ్లు మూతలు పడె. కట్టె ఒళ్లోనే పట్టుకోనుంటి, గట్టిగా. కండ్లు తెరిసేతలికి లేదు."

"ఎవరు తీసుకున్నారు?"

"నువ్వు సూడలేదు. నేనూ సూడలేదు." బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంజను చప్పుడులో గట్టిగా అరిచింది. "అందుకే పని నడిసింది!"

నాతో అన్న చివరి మాట అదే. ఉత్తరాలు రాసే అలవాటు ఆమెకు లేదు. నేను కడప పోదామనుకుంటూనే ఉండిపోయాను.

ఇదంతా నేను నమ్ముతున్నానా అని ఎవరైనా అడగవచ్చు. పరుగెత్తే మనిషి అలసిపోయి ఏది ఎక్కడ జరిగిందో మరిచిపోతుంది. తానే తెచ్చి ఇచ్చి, తిరిగి పోయి కూలబడి ఉండవచ్చు. కట్టె చల్లగా ఉన్న సంగతి నా ఊహ కావచ్చు. నాకు నిశ్చయంగా తెలిసింది ఒకటే. ఏ పనికైనా ముందు పదిసార్లు తిరిగి చూసుకునే నన్ను ఒక్కసారి చూడకుండా ముందుకు పోనిచ్చిన మనిషి ఆమె. దానికి ఆమెకు నేను దండం పెట్టలేదు. పెట్టి ఉంటే తిట్టి ఉండేది.

కడప నుంచి తిరిగి వచ్చిన మరునాడు బడికి వెళ్లాను. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక డేరాలు ఎప్పుడో లేచిపోయాయి. అవి ఉన్న చోటల్లా నేల పాలిపోయి, మేకుల గుంటలతో, గడ్డి కూడా మొలవకుండా ఉంది. మా మైదానం ఒక్కటే ఎర్రగా, పిల్లల పాదాలకు మెత్తబడి ఉంది. మొదటి గంటలో చిన్న తరగతి పిల్లలు పరుగుకు సిద్ధంగా ఉన్నారు. వాళ్లలో సగం మంది డ్రిల్లమ్మను చూసినవాళ్లు కారు. పోయిందని చెప్పాను. తర్వాత గీత మీదికి పోయారు.

అప్పుడు గోడ మూలన సుడిగాలి ఒకటి లేచింది. పెద్దది కాదు, మనిషెత్తు. పరుగు కోసం పోసిన సున్నపు గీత పట్టుకొని వచ్చింది. మలుపు దగ్గర గోడకేసి పోతుందనుకున్నాను. గీతతోపాటే మలుపు తిరిగింది. గీత మీద నిలబడిన పిల్ల పావడా కుచ్చెళ్లు పట్టుకొని పక్కకు జరిగింది. ఆ పక్క పిల్ల కూడా జరిగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు గీత వదిలి దారి ఇచ్చారు. అది వాళ్ల ముందునుంచి తాపీగా పోయి, గేటు దగ్గర కూలిపోయింది. సున్నపు గీత చెదరలేదు.